డీజిల్ కారు ట్రాఫిక్‌లో ఆగిపోతోంది.. కొత్త కారు ఇప్పించగలరా?

ప్రశ్న: లాయర్ గారూ, 22 నెలల కిందట 13 లక్షలు పెట్టి డీజిల్ కారు కొన్నాను. హైవే మీద బ్రహ్మాండంగా పోతుంది. ఊళ్లో మాత్రం నరకం. స్పీడ్ బ్రేకర్ దాటి రెండో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే క్షణంపాటు కదలదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో రోజూ ఆగిపోతోంది. 'నీకు డ్రైవింగ్ రాదు' అని మామగారు అందరిముందూ అన్నారు. మా ఆవిడ కారెక్కడమే మానేసింది. తోడల్లుడిదీ అదే మోడల్, అది ఇలా ఆగదు. షోరూమ్‌కి ఐదుసార్లు వెళితే 'డీజిల్ అంటే ఇంతే సార్' అంటున్నారు. వారంటీ ఇంకో ఏడాది ఉంది. ఒక మెకానిక్ 15 వేలకు రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేస్తానంటున్నాడు. సర్వీసుకిచ్చినప్పుడు షోరూమ్‌వాళ్లు రాసిచ్చిన జాబ్ కార్డులు జత చేశాను. కొత్త కారు ఇప్పించగలరా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇంత ఉత్తరంలో కేసుకు పనికొచ్చే మాట ఒక్కటే: తోడల్లుడి కారు ఆగదు అన్నది. మామగారి సంగతి మీరూ మీరూ చూసుకోండి.

టర్బో డీజిల్ ఇంజిన్‌కు తక్కువ ఆర్పీఎంలో, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, పికప్ ఉండదు. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో అందుకున్నాక ఒక్కసారిగా లాగుతుంది. నెమ్మదిగా వెళ్తూ రెండో గేర్‌లోనే ఉంచితే ఇంకా తెలుస్తుంది. అది ఆ ఇంజిన్ స్వభావం, లోపం కాదు. కంపెనీ లాయర్ ఇదే అంటాడు, 'హైవే మీద బ్రహ్మాండం' అన్న మీ మాటే చదివి వినిపిస్తాడు. అదే మోడల్, అదే రోడ్డు, అదే గేరు, అదే డ్రైవరు. అయినా మీ కారే ఆగితే అప్పుడు లోపం అనగలం.

ఇక మీ జాబ్ కార్డులు. నాలుగింటిలో 'జనరల్ చెకప్', ఒకదానిలో 'వాటర్ వాష్'. జెర్క్ అని గానీ ఇంజిన్ ఆగుతోందని గానీ ఒక్క ముక్క లేదు. పైగా ఐదింటి కిందా 'పని సంతృప్తికరం' అన్నచోట మీ సంతకం! 13 లక్షలు పోసినవారు పేజీడు కాగితం చదవలేకపోయారా? నోటితో చెప్పిన ఫిర్యాదు రికార్డు కాదు.

వారంటీ ఉంది కదా అని కూర్చోకండి. అది రిపేరు చేయించుకోవడానికి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లు. కారు చేతికొచ్చిన రోజు నుంచే లెక్క వేసుకుంటే మీకు మిగిలింది 2 నెలలు. లీగల్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు.

రీమ్యాప్ జోలికి మాత్రం పోవద్దు. సాఫ్ట్‌వేర్ మార్చిన మరుక్షణం కంపెనీ వారంటీ లేదంటుంది, లోపం మెకానిక్ తెచ్చిపెట్టిందే అంటుంది. పరీక్షించడానికి కంపెనీ ఇచ్చిన స్థితిలో కారు మిగలదు. ఈఎంఐ ఆపేయాలన్న ఆలోచన ఉన్నా మానుకోండి, బ్యాంకుకు ఈ గొడవతో సంబంధం లేదు.

ఈ వారమే డీలర్‌కూ కంపెనీకీ ఈమెయిల్ పెట్టండి. ఏ వేగంలో, ఏ గేర్‌లో, ఎన్నిసార్లు ఆగిందో తేదీలతో రాయండి. అదే మోడల్ ఇంకో కారుతో కలిపి మీ ఎదుటే రోడ్ టెస్ట్ చేయమనండి. ఆర్పీఎం ముల్లు కనిపించేలా వీడియో తీయించండి, పక్కన కూర్చున్నవారి చేత. జాబ్ కార్డు మీద ఫిర్యాదు మీ మాటల్లో రాస్తేనే సంతకం.

నెల లోపు తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. ఈ ధరకు ఫీజు 400 రూపాయలే. నిపుణుడి చేత పరీక్ష చేయించమని అందులోనే పిటిషన్ పెట్టండి. కొత్త కారు మీద ఆశ తగ్గించుకోండి. లోపమున్న భాగం మారిస్తే సరిపోయేచోట కారు మొత్తం మార్చమనలేమని 2006లో మారుతీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్లచ్చో ఇంజెక్టరో ఉచితంగా మార్చాలి, కుదరకపోతే డబ్బు వాపసివ్వాలి అని అడగండి.

తోడల్లుడితో ముందే మాట్లాడుకోండి. పరీక్ష రోజున ఆయన కారు కావాలి.