చిన్నా, ముందు టైరు మీది ఆ నాలుగు అంకెలు చదువు

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వానలూ మోకాళ్ల నొప్పులూ పక్కింటి వాళ్ల పెళ్లీ అన్నీ అయ్యాక, ఇక పెట్టేస్తుందనగా, "అన్నయ్యా, వాడు నీ పాత కారులాంటిదే కొన్నాట్ట. నేనొచ్చాక అందులో సముద్రం పక్క రోడ్డు మీద, అదే మీ కాలిఫోర్నియాలో, బిగ్ సర్ తీసుకెళ్తాట్ట" అంది. నవ్వుతూనే అంది. నేను సరిగా మాట్లాడలేకపోయాను. రాత్రంతా నిద్ర లేదు. ఫోన్లో మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపించి ఊరుకుంటావు. అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

1972 డాట్సన్ 240జెడ్! ముందు సంతోషం సంగతి చెప్పనీ. నువ్వు పంపిన ఫోటోలు మీ అత్తయ్యకి మూడుసార్లు చూపించాను. ఆ పొడుగాటి ముక్కు, ఆరు సిలిండర్ల ఇంజను, వెనక వాలుగా దిగే కప్పు. 1970లో ఇక్కడ అమెరికాలో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 3,526 డాలర్లు. జీతం మీద బతికేవాడు కూడా కొనుక్కోగలిగిన అసలైన స్పోర్ట్స్ కారు అది. నేను 1992లో డెట్రాయిట్ దగ్గర ఒకటి కొన్నాను. మిషిగన్ ఉప్పు రోడ్లకి దాని కింది రేకు సగం తుప్పు పట్టి ఉండేది. నీది కాలిఫోర్నియా బండి, రేకు గట్టిగా ఉన్నట్టుంది. అదృష్టవంతుడివి.

కానీ నాలుగో ఫోటోలో ఆగిపోయాను. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ట్రెడ్, అంటే నేలకి తగిలే గాళ్ల పొర, నిండుగా ఉంది. బండి ఎనిమిదేళ్లు గ్యారేజీలోనే ఉందని నువ్వే రాశావు. "టైర్లు ఇంకా కొత్తగానే ఉన్నాయి మావయ్యా, ట్రిప్ అయ్యాక 17 అంగుళాల చక్రాలు వేయిస్తా" అని కూడా రాశావు. ఒరేయ్, ఆ వాక్యంలో సగం నేను 1993లో అక్షరం పొల్లుపోకుండా అన్నదే.

నీకూ మీ అన్నకీ మేము ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు పుట్టకముందు, 1993 ఆగస్టులో మీ అమ్మ మొదటిసారి మా దగ్గరకొచ్చింది. షికాగో అవతల అరోరాలో బాలాజీ గుడి ఉంది, చూపిస్తానన్నాను. మా ఇంట్లో మంచి పెద్ద కారుంది. అందులో వెళ్తే ఏ గొడవా లేకపోను. చెల్లెలికి నా 240జెడ్ చూపించాలని నా ఆరాటం. మీ అత్తయ్యకి ఆ రోజు డ్యూటీ. మేమిద్దరమే బయల్దేరాం. మీ అమ్మ తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి స్టీలు డబ్బాలో పెట్టుకుని, దారంతా ఒళ్లో పట్టుకుని కూర్చుంది.

టైర్లు నేను చూడలేదని కాదు. కొన్నప్పుడే చూశాను. ఇక్కడ అందరూ చేసే పరీక్ష ఒకటుంది. ఒక సెంటు నాణేన్ని తలకిందులుగా ట్రెడ్ గాడిలో పెడతారు. లింకన్ తల మొత్తం బయటికి కనబడితే టైరు అయిపోయినట్టు. తల లోపలికి దిగితే ఇంకా ట్రెడ్ ఉన్నట్టు. నా టైర్లలో లింకన్ కనుబొమల దాకా దిగిపోయాడు. అంతే, నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ నాణెం అరుగుదల చెబుతుంది గానీ వయసు చెప్పదని నాకు తట్టలేదు.

దారిలో కాలమజూ ఊరు దాటాక మీ అమ్మ, "అన్నయ్యా, సీటు వణుకుతోంది" అంది. మిషిగన్ రోడ్లు ఇంతే అన్నాను. కాసేపాగి మళ్లీ అంది, "నా వైపే వణుకుతోంది, కింద నుంచి." "నీకు కార్ల సంగతి తెలీదు, ఊరికే కంగారు పడకు" అని విసుక్కున్నాను. అక్కడికి రెండు మైళ్లలో విశ్రాంతి స్థలం ఉంది. ఆగి కిందికి దిగి చేత్తో తడిమినా సరిపోయేది. ఆగలేదు.

మా నాన్న, అంటే మీ తాతయ్య, గుంటూరు నుంచి మిర్చి లోడు తీసుకుని లారీ నడిపేవాడు. ఎక్కడ టీకి ఆగినా, టీ తాగకముందే బండి చుట్టూ తిరిగేవాడు. ఇనపరాడ్డుతో ప్రతి టైరునూ ఒక దెబ్బ కొట్టి శబ్దం వినేవాడు. తర్వాత అరచెయ్యి ఆనించి వేడి చూసేవాడు. అన్నిటికంటే ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే ఆ రోజుకి ప్రయాణం ఆపేసేవాడు, సరుకు యజమాని ఎన్ని మాటలన్నా. సెలవుల్లో నేను క్యాబిన్‌లో కూర్చుని ఇదంతా చూస్తూ పెరిగాను. అలాంటివాణ్ణి, ఆ రోజు ఆ రెండు మైళ్లూ ఆగకుండా దాటించేశాను.

65 మైళ్ల వేగంలో ఉన్నాం. ముందు దబదబ చప్పుడు, ఎవరో మడ్‌గార్డుని సుత్తితో కొడుతున్నట్టు. నేను అద్దంలోకి చూసేలోపు పెద్ద శబ్దం. కుడివైపు వెనక టైరు పైపొర పట్టీలా ఊడి రేకుని చీల్చుకుంటూ వెళ్లిపోయింది. భయంతో బ్రేకు తొక్కాను. అదే నేను చేసిన రెండో తప్పు. బండి వెనక భాగం పక్కకి జారింది, గిర్రున తిరిగింది, మధ్యలో ఉన్న గడ్డిలోకి దిగి వచ్చిన దారికి ఎదురుగా ఆగింది. వెనకాల లారీ ఏదీ దగ్గర్లో లేదు. అదొక్కటే మమ్మల్ని కాపాడింది.

మీ అమ్మ మణికట్టు డ్యాష్‌బోర్డుకి కొట్టుకుని వాచింది. ఏడవలేదు, అరవలేదు. కాళ్ల దగ్గర చెదిరిన పులిహోరని మెతుకు మెతుకు ఏరి డబ్బాలో వేస్తూ ఉండిపోయింది. చేతులు వణుకుతున్నాయి, అయినా ఆపలేదు. కాసేపటికి తలెత్తకుండానే, "నాన్నకి చెప్పకు అన్నయ్యా" అంది. ఆయన పోయేదాకా ఇద్దరం చెప్పలేదు. ఆ కార్పెట్‌లో ఇంగువ వాసన నేను బండి అమ్మేసేదాకా ఉంది.

తర్వాత డ్యాష్‌బోర్డు అరలో వెతికితే పాత యజమాని రసీదు దొరికింది. ఆ టైర్లు కొన్నది 1978లో. పదిహేనేళ్లు! ఏడాదిపాటు ఆ అర తెరిచి చూడాలని కూడా అనిపించలేదు నాకు. టైరు పక్కన అచ్చేసిన వరస చివర 248 అని ఉంది. అప్పట్లో మూడే అంకెలు వేసేవాళ్లు, 24వ వారం, 8తో ముగిసే సంవత్సరం. అది 78 కావచ్చు, 88 కావచ్చు. నీకు ఆ ఇబ్బంది లేదు. 2000 నుంచి నాలుగు అంకెలు వేస్తున్నారు. డీఓటీ (అమెరికా రవాణా శాఖ గుర్తు) అని మొదలయ్యే వరస చివర 3615 అని ఉంటే 2015లో 36వ వారం అని. ఆ నాలుగు అంకెలూ చాలాసార్లు టైరుకి ఒక్కవైపే ఉంటాయి. ఆ వైపు లోపలికి తిప్పి బిగించి ఉంటే బయటి నుంచి ఎంత చూసినా కనబడవు. టార్చి పట్టుకుని బండి కిందికి దూరు. ఒకవేళ మూడే అంకెలు కనబడితే ఇక ఆలోచించక్కర్లేదు, అవి పోయిన శతాబ్దం టైర్లు.

రబ్బరు తిరిగితే అరుగుతుంది, తిరక్కపోతే ఎండుతుంది. పగుళ్లు రాకుండా రబ్బరులో మైనం లాంటివి కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే అవి పైకి ఊరి పొరలా కాపాడతాయి. ఎనిమిదేళ్లు కదలకుండా ఉన్న టైరులో అది జరగదు. గాలీ వేడీ కలిసి లోపల ఉక్కు తీగల పొరల్ని అంటిపెట్టుకున్న రబ్బరుని బలహీనం చేస్తాయి. పైకి నిగనిగ మామూలే, పాలిష్ పూస్తే వస్తుంది. ఆరేళ్లకే మార్చమని చాలా కార్ల కంపెనీలు చెబుతాయి. పదేళ్లు దాటితే ఎలా ఉన్నా తీసేయమని టైర్ల కంపెనీలే చెబుతాయి. 2013లో ఆ కార్ల సినిమాల హీరో పాల్ వాకర్ కారు ప్రమాదంలో పోయినప్పుడు నువ్వు రెండు రోజులు అన్నం సరిగా తినలేదని మీ అమ్మ చెప్పింది. ప్రమాదానికి ముఖ్య కారణం అతివేగమే. కానీ ఆ పోర్షే టైర్లు తొమ్మిదేళ్ల పాతవని కూడా దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు.

ఇక 17 అంగుళాల సంగతి. వద్దని నా గట్టి మాట. ఆ బండికి పవర్ స్టీరింగ్ లేదు. బరువు వెయ్యి కిలోల పైచిలుకు, అంతే. దాన్ని తయారుచేసినవాళ్లు 14 అంగుళాల రిమ్ము, 175 మిల్లీమీటర్ల వెడల్పు, ఎత్తైన సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఉన్న టైరు దృష్టిలో పెట్టుకుని సస్పెన్షన్ కట్టారు. ఆ సైడ్‌వాల్ వంగడం కూడా సస్పెన్షన్‌లో భాగమే. వెడల్పు టైరు వేస్తే పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పలేక భుజాలు పట్టేస్తాయి. వెనకవైపు లోపల స్ట్రట్‌కి (కుదుపులు ఆపే గొట్టానికి), బయట మడ్‌గార్డుకి రాసుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, సన్నటి పాత టైరు పట్టు వదిలేముందు కీచుమంటుంది, మెల్లగా జారుతుంది, నీకు సర్దుకునే సమయం ఇస్తుంది. వెడల్పు టైరు చాలాసేపు గట్టిగా పట్టుకుని, వదిలితే ఒక్కసారిగా వదులుతుంది. మీ దగ్గరి కొండల్లోని హైవే 17 రోడ్డు మలుపుల్లో నువ్వు కోరుకునేది మొదటిదే.

లెక్క నువ్వే వేసి చూసుకో, ఇంజనీరువి. 195/70 ఆర్ 14 అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 14 అంగుళాలు. 195లో 70 శాతం 136.5 మిల్లీమీటర్లు. రెండువైపులా కలిపి 273. రిమ్ము 355.6. మొత్తం 628.6. అసలు సైజు 175లో శాతం రాసి ఉండదు, 82 అనుకోవాలి. అప్పుడు మొత్తం 642.6 వస్తుంది. తేడా రెండు శాతమే, స్పీడోమీటరు పెద్దగా తప్పదు. 225/50 ఆర్ 15 వేస్తే 606కి పడిపోతుంది, మీటరు అబద్ధం చెబుతుంది, బండి కూడా నేలకి దగ్గరవుతుంది. నీ బండికి ఫ్యాక్టరీ నాలుగున్నర అంగుళాల ఉక్కు రిమ్ములే ఉంటే 185/70 దాటకు. అయిదున్నర అంగుళాల రిమ్ములైతే 195/70 హాయిగా కూర్చుంటుంది. 14 అంగుళాల్లో మంచి టైర్లు ఇప్పుడు తక్కువ, వెతకాలి. ఎంపిక మరీ తగ్గిపోతే 15 అంగుళాల రిమ్ములు, 205/60 వరకూ నేను ఒప్పుకుంటాను. పాత నమూనాలోనే కొత్తగా పోసిన మిషెలిన్ ఎక్స్‌ఏఎస్, పిరెల్లీ చింతురాటో లాంటివి కూడా దొరుకుతాయి. ఖరీదెక్కువ, కానీ ఆ బండి ఎలా నడవాలో అలా నడిపిస్తాయి. డబ్బు సరిపోకపోతే నన్నడుగు, మొహమాటపడకు. సైజు పక్కన హెచ్ అక్షరం ఉన్నది తీసుకో, గంటకి 210 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. నువ్వు 65 మైళ్లు దాటవు కాబట్టి ధారాళంగా సరిపోతుంది. దాటవు కదా?

నాలుగూ ఒకేసారి, ఒకే రకం. స్టెప్నీ మర్చిపోకు. వెనక కార్పెట్ కింద గుంటలో ఉంటుంది, అది 1972 నాటిదే అయినా ఆశ్చర్యం లేదు. షాపులో కొత్త టైర్ల మీద కూడా ఆ నాలుగు అంకెలు చదివాకే డబ్బు కట్టు. అరుదైన సైజులు గోడౌన్‌లో ఏళ్లు పడి ఉంటాయి. కొత్త వాల్వులు వేయించు. జాకీ కింది రేకుకి పెట్టనివ్వకు, నొక్కుకుపోతుంది. ముందు క్రాస్‌మెంబర్ (అడ్డదూలం) కింద, వెనక డిఫరెన్షియల్ (చక్రాల మధ్య గేర్ల డబ్బా) కింద పెట్టమను, దగ్గర నిలబడి చూడు. నట్లు చివర్లో చేత్తో టార్క్ రెంచితో (ఎంత బలంగా బిగించామో చూపే రెంచి) బిగించమను. వంద మైళ్లయ్యాక మళ్లీ చూడు. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. మొదటి రెండు మూడొందల మైళ్లు మెల్లగా నడుపు. కొత్త రబ్బరు మీద అచ్చులో పోసినప్పటి జిడ్డు ఉంటుంది. నెలల తరబడి ఎండాక పడే మొదటి వానకి బండి బయటికే తీయకు.

ఎప్పుడైనా టైరు పోతే బ్రేకు ముట్టుకోకు. స్టీరింగ్ రెండు చేతులా తిన్నగా పట్టుకో, యాక్సిలరేటర్ మెల్లగా వదులు, బండిని దానంతట అదే నెమ్మదించనివ్వు. ఇది ఖాళీ పార్కింగ్‌లో నిలబెట్టిన బండిలో కూర్చుని నోటితో అనుకుంటూ పదిసార్లు చెయ్యి. ఆ క్షణంలో కాలు దానంతటదే బ్రేకు మీదకి వెళ్తుంది, నాకు తెలుసు.

తిట్టినట్టు అనిపిస్తే ఏమీ అనుకోకు. నువ్వు మూడేళ్లప్పుడు ఇక్కడికొస్తే నా గ్యారేజీలో టైరు మధ్యలో కూర్చోబెట్టి ఫోటో తీశాను. ఆ ఫోటో ఈ ఉత్తరంతో పెడుతున్నాను. స్టీరింగ్ అనుకుని గాలిలో తిప్పుతున్నావు చూడు.

ఈ ఆదివారం అయిదు టైర్ల మీది అంకెలూ ఫోటో తీసి పంపు. అవి చూశాకే మీ అమ్మతో బిగ్ సర్ గురించి మాట్లాడతాను. వెళ్లిన రోజు ఇరవై మైళ్లకొకసారి ఆగు. బిక్స్‌బీ వంతెన దగ్గర అందరూ ఫోటోలు తీసుకుంటుంటే, నువ్వు ముందు నాలుగు టైర్ల మీదా అరచెయ్యి ఆనించి తర్వాత తీసుకో. దారిలో మీ అమ్మ సీటు వణుకుతోందని అంటే ఎందుకని అడగకు, బండి పక్కకి తీసి ఆపు.

ఇట్లు,
మీ మావయ్య