ఆలుగడ్డ చిగురాకు ముడుచుకుంటోందా? వైరస్ అనుకునే ముందు జింకు లోపమేమో చూడండి

నలభై రోజుల ఆలుగడ్డ పంటలో చిగురాకులు చిన్నవైపోయి దొప్పల్లా పైకి ముడుచుకుంటున్నాయని, షాపులో వైరస్ అన్నారని మీరు రాశారు. మందు కొనే ముందు ఒకసారి చేలో కూర్చుని మొక్కను దగ్గరగా చూడండి.

మాది జహీరాబాద్ దగ్గర పల్లె. మూడేళ్ల కింద మాకూ అచ్చం ఇలాగే అయింది. నేనూ వైరసే అనుకుని రసం పీల్చే పురుగులకు రెండుసార్లు మందు కొట్టాను. ఏమీ తేడా రాలేదు, టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. తీరా చూస్తే దెబ్బతిన్న మొక్కలన్నీ ఒకే చెక్కలో ఉన్నాయి. ఎండాకాలంలో చదును చేయిస్తూ డోజర్‌తో పైమట్టి గీకించిన చోటు అది. కింద తేలిన మట్టి నిండా సున్నపు గుల్లలు. అలాంటి నేలలో జింకు ఉన్నా వేళ్లకు అందదు. పైగా నేను భాస్వరం ఉండే డిఎపి ఎరువు దండిగా వేశాను. భాస్వరం ఎక్కువైతే మొక్క జింకును ఇంకా తక్కువ తీసుకుంటుంది.

విత్తన గడ్డతో వచ్చే ఆకుముడత వైరస్ అయితే మొక్కలు అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తాయి. కింది ఆకులు ముందు చుట్టుకుంటాయి, వేళ్లతో నొక్కితే కాగితంలా చప్పుడు చేస్తాయి. జింకు లోపమైతే పై ఆకులకే ముందు వస్తుంది, ఎందుకంటే ముదురాకులో ఉన్న జింకు లేతాకుకు సరిగా చేరదు. కణుపులు దగ్గర పడి తల గుబురుగా అవుతుంది, తర్వాత ఆకుల మీద కంచు రంగు మచ్చలు వస్తాయి.

ఇప్పటికైతే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, అందులో 1 గ్రాము సున్నాన్ని నీళ్లలో కరిగించి గుడ్డతో వడకట్టి పోయండి. సున్నం లేకుండా కొడితే ఆకు మాడే ప్రమాదం ఉంది. వారం తేడాతో రెండుసార్లు చల్లగా ఉన్నప్పుడు పిచికారీ చేయండి. పురుగు మందులతో మాత్రం కలపొద్దు. ముడిచిన ఆకు మళ్లీ విప్పుకోదు, దాన్ని చూసి నిరాశపడకండి. కొత్తగా వచ్చే ఆకు వెడల్పుగా ఉందా లేదా అన్నదే చూడాలి. మా చేలో రెండో పిచికారీ తర్వాత ఆ తేడా కనిపించింది.

వచ్చే పంటకు ముందు మట్టి పరీక్ష చేయించండి. జింకు 0.6 పిపిఎం (కిలో మట్టిలో 0.6 మిల్లీగ్రాములు) కంటే తక్కువ వస్తే ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి. ఇది 21 శాతం జింకు ఉండే రకానికి లెక్క, 33 శాతం రకమైతే 13 కిలోలు చాలు. డిఎపితో గానీ సూపర్ ఫాస్ఫేట్‌తో గానీ కలిపి చల్లితే జింకు, భాస్వరం రెండూ కలిసి కరగకుండా మారి మొక్కకు అందకుండా పోతాయి, కొన్ని రోజులు ఎడం ఇవ్వండి. ప్రతి పంటకూ వేయాల్సిన పని లేదు.

మీ చేను ఈ మధ్య చదును చేయించారా? డిఎపి ఎన్ని బస్తాలు వేశారు? కింది ఆకుల ఫోటో కూడా ఒకటి పెట్టండి.