ముందు ప్రాజెక్టు చేసేసి, తర్వాత రోటరీ గ్రాంటు తెచ్చుకోవచ్చా?

కుదరదు, రోటరీ క్లబ్బుల సేవా పనులకు రోటరీ ఫౌండేషన్ ఇచ్చే గ్రాంటు మంజూరు కాకముందే మొదలైన పనికి గానీ, పూర్తయిన పనికి గానీ పైసా రాదు. అది బిల్లులు చూపించి వెనక్కి రాబట్టుకునే డబ్బు కాదు. ఊరికి నిజంగా ఏం కావాలి, ఖర్చెంత, తర్వాత ఎవరు చూసుకుంటారు అన్నవి ముందే చూసి ఇచ్చేది. ఆగస్టులో బడిలో ఆర్వో ప్లాంటు బిగించేసి, రిబ్బన్ కత్తిరించి ఫొటోలు కూడా దిగేసి, అక్టోబరులో దరఖాస్తు పెడితే ఆ ఖర్చు క్లబ్బు నెత్తినే. చాలామంది పొరబడేది ఎక్కడంటే, జులై 1న మొదలయ్యే రోటరీ సంవత్సరం లక్ష్యాల్లో ప్లాంటు అని రాసుకుంటే గ్రాంటు అడిగినట్టే అనుకుంటారు. లక్ష్యం వేరు, దరఖాస్తు వేరు. పెద్ద అంతర్జాతీయ పనులకిచ్చే గ్లోబల్ గ్రాంటుకైతే బడ్జెట్ కనీసం 30,000 డాలర్లుండాలి, వేరే దేశపు క్లబ్బు తోడు కూడా కావాలి, కాబట్టి ఇలాంటి చిన్న పనులకు రోటరీ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని క్లబ్బుల సమూహం) ద్వారా వచ్చే డిస్ట్రిక్ట్ గ్రాంటే దారి.