టెక్ సందేహాలు: బల్లి ట్యాంక్‌కి హీట్ మ్యాట్ ఏ సైజు కొనాలి?

ప్రశ్న: 36 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు ఉన్న గాజు ట్యాంక్‌లో లెపర్డ్ గెకోని పెంచుతున్నాను. ట్యాంక్ కింద అతికించే, కరెంటుతో వేడెక్కే హీట్ మ్యాట్‌లు 8×12, 11×17, 17×24 సైజుల్లో కనిపిస్తున్నాయి. పెద్దది కొంటే ట్యాంక్ అంతా వెచ్చగా ఉంటుంది కదా, అదే తీసుకోనా?

పెద్దది వద్దండి, 11×17 తీసుకోండి. లెక్క కూడా చెప్తాను, రేపు ట్యాంక్ మార్చినా మీరే తేల్చుకోవచ్చు.

మన ఒంట్లో వేడి మనకే పుడుతుంది, బల్లులకీ పాములకీ అలా కాదు, వెచ్చగా ఉన్న చోటుకి వెళ్లి పడుకుంటాయి, చాలు అనిపిస్తే లేచి చల్లటి చోటుకి పోతాయి, తిన్నది అరగాలన్నా ఆ వేడి కావాల్సిందే. అందుకే ట్యాంక్‌లో ఒక చివర వేడిగా, ఇంకో చివర చల్లగా ఉండాలి. మ్యాట్ అడుగు భాగంలో మూడో వంతు ఆక్రమిస్తే సరిపోతుంది, సగం మాత్రం దాటకూడదు. మీ ట్యాంక్ అడుగు 648 చదరపు అంగుళాలు, మూడో వంతంటే 216. 11×17 అంటే 187, దగ్గరగా ఉంది. 17×24 అయితే 408, సగం దాటేసింది, ఒళ్లు కాలుతుంటే పాపం ఆ ప్రాణి ఎక్కడికి పోతుంది? 8×12 అంటే 96 మాత్రమే, ఆరో వంతు కూడా కాదు. కొనే ముందు ట్యాంక్ కింద ఫ్రేమ్ లోపల టేపు పెట్టి కొలవండి, బయటి కొలతకీ దానికీ తేడా ఉంటుంది, మ్యాట్ గాజుకి పూర్తిగా అంటుకోవాలి. పెట్టేది ఒక చివరే, మధ్యలో కాదు. పెద్దదే కొని కత్తిరించుకుందాం అనే ఆలోచన వద్దే వద్దు, లోపల కరెంటు పారే తీగలు ఉంటాయి.

చాలామంది పొరబడేది వాట్ల దగ్గర. 24 వాట్ల మ్యాట్ 8 వాట్ల దానికంటే మూడు రెట్లు వేడెక్కుతుంది అనుకుంటారు, కానీ వాట్లు పెరిగేది ఎక్కువగా మ్యాట్ వైశాల్యం పెరిగినందుకే. ఎంత వేడి ఉండాలో చూసుకోవాల్సింది థర్మోస్టాట్ (అనుకున్న వేడి రాగానే మ్యాట్‌ని ఆపే పరికరం), అది లేకుండా మ్యాట్ ప్లగ్‌లో పెట్టొద్దని నేను ఎవరికైనా గట్టిగానే చెప్తాను. అదుపు లేకపోతే కొన్ని మ్యాట్‌లు 45 డిగ్రీలు కూడా దాటేస్తాయి, ఈ జీవులేమో పొట్ట కాలుతున్నా కదలకుండా అక్కడే పడుకుని ఉండిపోతాయి, మనం చూసేసరికి పుండు పడి ఉంటుంది.

లెపర్డ్ గెకోకి వెచ్చటి వైపు నేల 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ ఉంటే బాగుంటుంది. థర్మోస్టాట్ ప్రోబ్‌ని, అంటే వేడిని కొలిచే దాని తీగ కొనని, మ్యాట్‌కీ గాజుకీ మధ్య పెట్టండి, లోపల పెడితే గెకో తవ్వి లాగేస్తుంది, ప్రోబ్ చల్లటి వైపు పడితే ఇంకా చల్లగానే ఉందనుకుని థర్మోస్టాట్ మ్యాట్‌ని ఆపకుండా నడిపిస్తూనే ఉంటుంది. లోపల టేపు అతికించడం కూడా మంచిది కాదు, చర్మానికి అంటుకుంటుంది. గాజు కింద రీడింగ్, లోపల నేల మీద రీడింగ్ ఒకటే రావు కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్‌తో లోపల చూసి దాన్ని బట్టి సెట్టింగ్ మార్చుకోండి. గోడకి అతికించే గుండ్రటి ముల్లు థర్మామీటర్ని నమ్ముకోవద్దు, అది చూపించేది గాలి వేడి, అదీ సరిగ్గా కాదు. మ్యాట్ ఉన్న చోట మట్టి మందంగా పోయకండి, వేడి పైకి రాక గాజు దగ్గరే పోగవుతుంది. ట్యాంక్ కింద చిన్న రబ్బరు కాళ్లు పెట్టి గాలి ఆడనివ్వండి.

ప్రశ్న: స్మార్ట్ ప్లగ్ ఉంది, పావుగంట ఆన్, పావుగంట ఆఫ్ అని షెడ్యూల్ పెడితే థర్మోస్టాట్ ఖర్చు తప్పుతుందా?

తప్పదండి. ప్లగ్‌కి తెలిసింది టైమ్ మాత్రమే, వేడి కాదు. చలికాలంలో సరిపోయిన పావుగంట ఎండాకాలంలో ఎక్కువైపోతుంది, ఆన్‌లో ఉండగా ప్లగ్ హ్యాంగ్ అయితే ఆపేవాళ్లు ఉండరు. ప్లగ్‌లో కరెంటు వాడకం చూపించే ఫీచర్ ఉంటే మాత్రం థర్మోస్టాట్‌కి ముందు పెట్టుకోండి, గంటల తరబడి ఒక్కసారి కూడా ఆగకుండా కరెంటు లాగుతోందంటే ప్రోబ్ ఊడిందేమో వెళ్లి చూడొచ్చు.

ప్రశ్న: నడుము నొప్పికి వాడే హీటింగ్ ప్యాడ్ ఇంట్లో ఉంది, ట్యాంక్ కింద పెట్టొచ్చా?

వద్దు. అలాంటి చాలా ప్యాడ్‌లు కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి, రాత్రంతా చల్లబడిపోతుంది. ఆగనిదైతే ఇంకా ప్రమాదం, ట్యాంక్ బరువు కింద నలుగుతూ రోజుల తరబడి నడవడానికి తయారు చేసినవి కావు అవి.

ప్రశ్న: బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లికి ఎంత మ్యాట్ కావాలి?

దానికి మ్యాట్ కాదు, పైనుంచి పడే బాస్కింగ్ బల్బు, దాంతోపాటు యూవీబీ లైటు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఇచ్చేది) కావాలి. పగలు ఎండ కాచుకునే జీవి అది, వేడిని పైనుంచే వెతుక్కుంటుంది. మ్యాట్‌కి పెట్టే డబ్బు మంచి యూవీబీ ట్యూబ్‌కి పెట్టండి.