ఆరు వారాల పిల్ల పుంజా, పెట్టా? పొగరు చూసి చెప్పకండి

ఆరు వారాల కోడిపిల్లల్లో ఏది పుంజో, ఏది పెట్టో ఎలా తెలుస్తుందని అడిగారు. ఈ వయసులో ఖాయంగా చెప్పేస్తానన్నవాళ్లని నమ్మకండి. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి, తల పైకెత్తితే పుంజు అనేవాళ్లని అసలే నమ్మొద్దు. అలా వేలాడదీస్తే మీరూ ఎత్తుతారు.

మా ఇంట్లో ఓ నల్లపిల్ల ఉండేది. మేత దగ్గరికి ఇంకోదాన్ని రానిచ్చేది కాదు, రొమ్ము విరుచుకుని తిరిగేది. నెత్తి మీద కండలా ఉండే జుట్టు కూడా మిగతావాటికన్నా ముందే ఎర్రబడింది. "పుంజేరా, రాసిపెట్టుకో" అన్నాడు బాబాయి. నేను చూసింది నడుము ఈకలు, అంటే తోక మొదలయ్యే చోట వీపు మీద ఉండేవి. మూడు నెలలు దాటేసరికి పుంజుకి అక్కడ సన్నగా, మొనదేలి, మెరుస్తూ రెండు పక్కలకీ జారే ఈకలు వస్తాయి. మెడ మీదా అంతే. దీనికేమో నాలుగో నెలలోనూ గుండ్రంగానే ఉన్నాయి. "ఈకలదేముందిరా, దాని పొగరు చూడు!" అని కొట్టిపారేశాడు.

ఓ రాత్రి గంప సరిగ్గా మూయలేదు, కుక్క పట్టేసింది. పాతిపెట్టే ముందు కోసి చూద్దామని కత్తి తీసుకుని కూర్చున్నా. మెడ మొదట్లో మేత సంచి, ఇంకా గింజలతో ఉంది. కందనకాయ కోస్తే ఇసుక, చిన్న రాళ్లు. పళ్లు లేవు కదా, గింజ నలిగేది అక్కడే. పేగులు పక్కకి జరిపితే, వెన్నెముకని ఆనుకుని మూత్రపిండం పైకొసన, ఎడమవైపు ఆవగింజంత లేత గింజల గుత్తి. అండాశయం! పెట్టకి మామూలుగా ఎడమదొక్కటే ఎదుగుతుంది. పుంజయితే అదే చోట రెండువైపులా చిక్కుడు గింజల్లాంటి వృషణాలుంటాయి, బయటికి కనిపించవు. బాబాయి వంగి చూసి, "బతికున్నన్నాళ్లూ పుంజు, చచ్చాక పెట్టయింది" అని లేచిపోయాడు.

బళ్లో మాచేత కప్ప బొమ్మ ఎన్నిసార్లు గీయించారో! రోజూ కళ్లముందు తిరిగే కోడి కడుపులో ఏముందో ఒక్కరూ చెప్పలేదు. అందుకే పుంజు లేకపోతే పెట్ట గుడ్డే పెట్టదని పెద్ద చదువులవాళ్లు కూడా వాదిస్తారు. పెడుతుందండీ, ఆ గుడ్డు పిల్ల కాదంతే. పుంజు ఉండి పిల్ల పుడితే, అది ఆడో మగో తేల్చేది కూడా తల్లి క్రోమోజోమే, తండ్రిది కాదు.

ఒక్క రోజు వయసున్న పిల్లల్లో వెనక ద్వారం తెరిచి, లోపలి చిన్న బుడిపెని చూసి చెప్పే పద్ధతి ఉంది. 1920ల్లో జపాన్‌లో పుట్టిన విద్య. చేయి తిరగనివాళ్లు నొక్కితే పిల్ల చస్తుంది, మీరు ప్రయత్నించకండి. రెక్క ఈకల పొడవు చూసే చిట్కా అందుకోసమే జతకట్టించిన రకాలకి తప్ప పనిచేయదు.

మీవాటి సంగతంటారా, ఒకే జాతివి పక్కపక్కన పెట్టి చూడండి. మిగతావాటికి జుట్టు పసుప్పచ్చగా ఉండగానే ఒకదానికి ఎత్తుగా, ఎర్రగా వచ్చి, గడ్డం కింద తోలు కూడా ఎరుపెక్కి, కాళ్లు లావుగా ఉంటే పుంజని అనుమానించొచ్చు. మా నల్లదానిలా మోసం చేసేవీ ఉంటాయి కనుక పన్నెండు వారాలు దాటాక నడుము ఈకలు చూసి తేల్చుకోండి. ఫొటో పెడితే పక్కనుంచి తీసి పెట్టండి, జాతి పేరు కూడా రాయండి. నడినెత్తి మీంచి తీసిన మసక ఫొటో చూసి చెప్పమంటే నావల్ల కాదు.