పైలం బిడ్డా, తల్లి దారికి అడ్డం పోకు

బిడ్డా,

ఏప్రిల్ చివర్లో ఫ్రెండ్స్‌తో కలిసి తిమింగలాలు చూడటానికి పోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. దానికేమో ఒకటే టెన్షన్. నాకు సంతోషమైంది, ఆ వెనకే గుండె గుబేల్‌మంది. మన పాలమూరులో పుట్టి, నీళ్లంటే బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లుగా పెరిగిన పిల్లవు. పసిఫిక్ గట్టున నిలబడి అంత పెద్ద జీవాన్ని చూడబోతున్నావంటే గర్వంగా ఉండదా? మీ అన్న దగ్గర ఉన్న రోజుల్లో ఆ తీరం నేను బాగానే తిరిగాను. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

ముందు చిన్న సంగతులు. కాలిఫోర్నియా అనగానే ఎండ అనుకోకు, ఆ గాలికి చెవులు మొద్దుబారతాయి. మందం కోటు, టోపీ ఉండాలి. పడవ ఎక్కేటట్లుంటే వాంతుల మాత్ర గంట ముందే వేసుకో. ఖాళీ కడుపుతో పోకు, నూనె వస్తువులు తిని పోకు. పడవ నడుమ నిలబడి, నీళ్లూ ఆకాశమూ కలిసే గీత వైపు చూడు. ఫోన్ చూశావో, తల తిరుగుతుంది.

అసలు పడవ ఎక్కకుండానే చూడొచ్చు, నన్నడిగితే అదే మేలు. ఆ తీరంలోనే ఉన్న పాయింట్ రేయెస్ లైట్‌హౌస్‌కు 313 మెట్లు దిగాలి. దిగడం ఒక లెక్క కాదు, ఎక్కేటప్పుడు ఎదురుగాలి తోస్తుంది, నిదానంగా ఎక్కు. నువ్వు పోయే రోజుల్లో అయితే దగ్గర్లోనే ఉన్న చిమ్నీ రాక్ ఇంకా మంచిది. గ్రే వేల్స్, అంటే బూడిద రంగు తిమింగలాలు, డిసెంబరు నుంచి దక్షిణంగా మెక్సికో ఉప్పునీటి కయ్యలకు పోతాయి, ఫిబ్రవరి నుంచి మళ్లీ ఉత్తరానికి మళ్లుతాయి. పోనురానూ 16,000 కిలోమీటర్ల పైమాటే. ముందు మగవి, పిల్లలు లేనివి పోతాయి. బాలింత తల్లులు పిల్లలను తీసుకుని అందరికంటే వెనక, ఏప్రిల్, మే నెలల్లో, ఒడ్డును ఆనుకుని పోతాయి. నీకు కనబడేవి ఎక్కువగా అవే.

వెతకడం తెలియాలి. వీపు మీద రెక్క ఉంటుందని చూస్తూ కూర్చోకు, గ్రే వేల్‌కు రెక్క ఉండదు, తోక వైపు చిన్న చిన్న గడ్డలుంటాయి. ముందుగా ఆవిరి కనబడుతుంది. పది పన్నెండు అడుగుల ఎత్తు లేస్తుంది. ఎదురుగా చూస్తే రెండు పాయలై గుండె ఆకారంలో విచ్చుకుంటుంది. మూడు నుంచి ఐదు సార్లు ఊపిరి వదిలి, తోక పైకెత్తి మునుగుతుంది. మునిగాక మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి. అందరూ అక్కడే "అయిపోయింది, పదండి" అంటారు. నువ్వు కదలకు. ఉత్తరం వైపు కొంచెం ముందుకు చూపు పెట్టు, మళ్లీ లేస్తుంది.

ఇంకో మాట, ఇది ఒట్టు పెట్టించుకుని చెప్పాల్సింది. ఇసుక మీదికి దిగితే సముద్రానికి వీపు చూపించకు. అక్కడి అల పది నిమిషాలు బుద్ధిగా వచ్చి పోయి, ఉన్నట్టుండి ఒకటి మనిషెత్తున లేచి వచ్చి లాక్కుపోతుంది. ఆ నీళ్ల చలికి ఈత వచ్చినవాళ్లకే చేతులు కాళ్లు ఆడవు. నీకు ఈత కూడా రాదు. బీచుపల్లిలో పుష్కర స్నానానికి పోయినప్పుడు మీ అమ్మ చెయ్యి నేను ఎట్లా పట్టుకున్నానో దాన్నే అడుగు, మణికట్టు ఎర్రబారింది. అరిచింది, అయినా వదల్లేదు. ఇప్పుడు నీ చెయ్యి పట్టుకోవడానికి నేను లేను కదా అన్నదే నా బాధ.

ఇక అసలు సంగతి. మీ అన్న ఫ్రెండ్స్‌లో ఒకరికి తెలిసినాయన దగ్గర చిన్న పడవ ఉందంటే అందరం ఎక్కినం. టికెట్ పడవ కాదు, సొంతది. కొంత దూరం పోయాక తల్లీపిల్లా కనబడ్డాయి. తల్లి ఒళ్లంతా తెల్లటి మచ్చలు, అంటుకుపోయిన గవ్వ పురుగులు, వాటి సందుల్లో పేలు. పిల్ల మాత్రం నున్నగా, నల్లగా నిగనిగలాడుతోంది. తల్లి ఊపిరి వదిలితే ఆ తుంపర వచ్చి నా కళ్లద్దాల మీద పడింది, చేపలు కుళ్లిన వాసన. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

ఆయన ఫోటోల కోసం పడవను ఇంకా ముందుకు పోనిచ్చాడు. నూరు గజాల దూరం ఉండాలని అక్కడ చెబుతారు. తల్లికీ పిల్లకూ నడుమకు అసలే పోకూడదు. ఆయనకు ఆ సంగతి తెలుసు. వెనక్కి తిప్పమనమని మీ అన్నతో అన్నాను. వాడు చెప్పాడు కూడా. "ఒక్క నిమిషం" అన్నాడాయన. తల్లి మునిగింది. లేచేసరికి పడవకు అటు పక్క తల్లి, ఇటు పక్క పిల్ల. ఆ పిల్ల ఊపిరి ఇప్పటికీ నా చెవిలో ఉంది, దమ్ము చాలనట్టు వెంట వెంటనే తీసింది. తల్లి తోకతో నీళ్లను ఒక్క దెబ్బ కొట్టి మా కింద నుంచే వచ్చింది. పడవ ఒరిగింది. మాతో వచ్చిన పిల్లాడొకడు జారి కడ్డీకి తల కొట్టుకున్నాడు, కనుబొమ్మ చిట్లింది. అందరం వాడిని చూస్తుండగానే అవి రెండూ ఒడ్డు వదిలి లోతు వైపు మళ్లినయ్.

నా గుండె పిండేసింది అదే. తల్లులు ఒడ్డు పట్టుకుని పోయేది అందానికి కాదు బిడ్డా. ఓర్కాలు, అదే తిమింగలాలను వేటాడే కిల్లర్ వేల్స్, ఆ కాలంలో పిల్లల కోసమే కాచుకుని ఉంటాయి. ఆ కాలిఫోర్నియా తీరంలోనే మాంటెరీ బే అని ఉంది, అక్కడ ఒడ్డుకు దగ్గరే సముద్రం అగాధమైపోతుంది, ఆ లోతు దాటేటప్పుడే వాటి మీద పడతాయి. మనం వెంటపడితే తల్లి అటే పోతుంది. పైగా ఆ తల్లి నెలల తరబడి సరిగ్గా తిని ఉండదు. ఉత్తరాన సముద్రం అడుగు బురదలో దొరికే రొయ్య జాతి పురుగులు తిని పెట్టుకున్న కొవ్వే దానికి ఆధారం. ఆ కొవ్వునే పాలు చేసి ఇస్తుంది, ఆ పాలలో సగానికి పైగా కొవ్వే.

నీకు ఎవరూ చెప్పి ఉండరు. కరువు ఏడు మీ తాత, అమ్మమ్మ శ్రీశైలం డ్యాం పనికి మేస్త్రీ వెంట పోయినప్పుడు నేను ఇంత పిల్లను. మీ అమ్మ చంకలో ఉంది, ఇంకా పాలు తాగేది. ఘాటు రోడ్డు మీద లారీలు పోతుంటే మీ అమ్మమ్మ నన్ను చెట్ల వైపు నడిపించి తను రోడ్డు వైపు నడిచేది. రొట్టె తుంచి నాకు పెట్టి, తను నీళ్లు తాగి, మళ్లీ మీ అమ్మకు పాలిచ్చేది. ఆ రోజు పడవలో నాకు ఆమే గుర్తొచ్చింది.

ఇప్పుడు ఒక్కో పిల్లా లెక్కే. 2016లో 27,000 దాకా ఉన్న గ్రే వేల్స్ 2025 లెక్కకు 13,000 దగ్గరకు పడిపోయాయి. ఉత్తరాన అవి తిండికి పోయే ఆర్కిటిక్‌లో మంచు తీరు మారి తిండి తగ్గింది. కాలిఫోర్నియా తీరంలోని పియెద్రాస్ బ్లాంకాస్ దగ్గర 1994 నుంచి తల్లీపిల్లలను లెక్కపెడుతున్నారు. 2025లో అక్కడి లెక్క ప్రకారం ఉత్తరానికి పోయిన పిల్లలు 85 దాకానే. అంత తక్కువ ఎప్పుడూ లేదట.

కాబట్టి నీ ఫ్రెండ్ డ్రోన్ తెస్తానన్నాడట, ఇంట్లో పెట్టి రమ్మను. పాయింట్ రేయెస్ నేషనల్ పార్క్ వాళ్ల కింద ఉంది, అక్కడ ఎగరేయనివ్వరు. పడవే ఎక్కాలనుకుంటే లైసెన్సు ఉన్నది, దూరం పాటించేది చూసి ఎక్కండి. ఎవడైనా "ఇంకొంచెం దగ్గరికి" అంటే నువ్వు నోరు తెరిచి వద్దను. నీకు నోరు తక్కువేం లేదు, నాతో వాదించేటప్పుడు బాగానే లేస్తుంది. అక్కడ వాడు.

మంచి కోటు లేకపోతే కొనుక్కో, మీ అన్నకు చెప్పాను, డబ్బులు పంపుతాడు. మొహమాటపడితే నాకు కోపం వస్తుంది. మీ అమ్మను నేను ఒప్పిస్తాలే. గట్టు అంచున నిలబడి దిగిన ఫోటో మాత్రం దానికి పంపకు, బీపీ పెరుగుతుంది. నాకు కూడా పంపకు. ఇంటికి చేరగానే, అక్కడ ఎంత రాత్రయినా సరే, ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ