భరణం ఆగితే బడి ఫీజు ఎలా?

ప్రశ్న: మేం విడిగా ఉంటున్నాం. ఇద్దరు పిల్లలకి కలిపి నెలకి 9,000 ఇమ్మని ఆయనకి ఫ్యామిలీ కోర్టు చెప్పింది. 14 నెలలుగా రూపాయి రాలేదు. ఏడో తరగతి అమ్మాయికి ఫీజు కట్టలేక సర్కారు బడిలో వేద్దామంటే, బాకీ తీరిస్తేగానీ టీసీ ఇవ్వమంటున్నారు.
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు గడువు సంగతి. ఏ నెల సొమ్ముకైనా, అది ఇవ్వాల్సిన రోజు నుంచి ఏడాది లోపే వసూలు పిటిషన్ వేయాలి. దాటితే వారెంటు రాదు. పాత నేర విచారణ చట్టం (సి.ఆర్.పి.సి.) 125 సెక్షన్‌లోనూ, 2024 జూలై 1 నుంచి దాని చోట వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బి.ఎన్.ఎస్.ఎస్.) 144 సెక్షన్‌లోనూ నియమం ఇదే. అంటే ఈ దారిలో మీకు మొదటి రెండు నెలల సొమ్ము ఇప్పటికే చేజారింది, ఆగినకొద్దీ నెలకొకటి పోతుంది. ఈ వారమే వేయండి. పోయిన రెండు నెలల గురించి లాయరుతో విడిగా మాట్లాడండి: భరణం ఆర్డరును సివిల్ డిక్రీలా అమలు చేయించుకోవచ్చని 2020లో రజనీశ్–నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, ఏ నెలకి ఎంత రావాలో రాసిన పట్టిక, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయండి. ‘చేతికిచ్చాను’ అనే వాదనకి ఆ స్టేట్‌మెంటే జవాబు. ఇకపై నగదు తీసుకోవద్దు. ఆయన ఉద్యోగి అయితే కంపెనీ చిరునామా ఇచ్చి జీతం జప్తు అడగండి. ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు వేయొచ్చు, కానీ జైలుకెళ్ళినా బాకీ రద్దవదు. పైగా ఆ నెల జీతమూ ఆగుతుంది. అందుకే మా ఓటు జప్తుకే.

అసలు చిక్కు వేరే ఉంది. భరణం నెలనెలా వస్తుంది, బడి మాత్రం జూన్‌లో ఒక్కసారే అడుగుతుంది. వచ్చిన 9,000 అద్దెకీ బియ్యానికీ పోయాక ఫీజుకి ఏం మిగులుతుంది? కాబట్టి ఆర్డరు మార్చమని బి.ఎన్.ఎస్.ఎస్. 146 సెక్షన్ కింద ఇంకో పిటిషన్ వేయండి. ఫీజు భరణంలో కలపకుండా, ఏటా మే 31లోగా నేరుగా బడి ఖాతాలో కట్టేలా అడగండి. ఫీజు రసీదులు, పుస్తకాలు, బస్సు, యూనిఫాం బిల్లులు పెట్టాలి. ‘ఖర్చులు పెరిగాయి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే పెంచరు. మీకు చాలినంత సంపాదన ఉంటే చదువు ఖర్చు ఇద్దరికీ దామాషాలో పంచుతారు, దాచొద్దు.

టీసీ విషయంలో భయం వద్దు. ఎనిమిదో తరగతి వరకు సర్కారు బడికి మారే బిడ్డకి టీసీ వెంటనే ఇవ్వాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అది లేదని చేర్చుకోకపోవడమూ కుదరదు. లాయరు ఖర్చు భారమైతే 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

ప్రశ్న: మా వాడికి ఇంటర్‌లో 18 నిండుతాయి. భరణం ఆగుతుందా?
– మరో పాఠకురాలు, ఏలూరు

జవాబు: 144 కింద అబ్బాయికి ఆగుతుంది, వైకల్యం వల్ల పోషించుకోలేకపోతే తప్ప. హిందూ కుటుంబంలో, తనను తాను పోషించుకోలేని అమ్మాయికైతే పెళ్ళయ్యేవరకు 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం కింద అడగొచ్చు. మీవాళ్ళు రాజీకి వస్తే, డిగ్రీ అయ్యేవరకు ఫీజు తండ్రిదే అని ఆ పత్రంలోనే రాయించండి.